అద్దం మీద అచ్చు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఆ కోపంలోనే ఒకసారి నలభై మంది ఆడపిల్లల ముందు మాట జారి, ఆ మాట నిలబెట్టుకోడానికి నానా తంటాలు పడ్డాను.

ఎనభైలు సగం దాటిన రోజులు. నరసరావుపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. టెంపరరీ. మాది నాదెండ్ల దగ్గర పల్లె, పేటలో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆ ఏడు సర్కారు మా స్కూలుకి ఒక కంప్యూటర్ పంపింది. లెక్కల టీచర్ని గదా అని నన్ను గుంటూరు పిలిచి, రెండు వారాలు ట్రైనింగ్ ఇచ్చి, ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి పంపించేశారు. పాత మ్యాపులూ విరిగిన బెంచీలూ పడేసే గదిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, కిటికీకి పరదా కట్టి మెషీన్ని అందులో పెట్టాం. చెప్పులు బయట విడిచి రావాలని రూలు. పిల్లలు అంతటితో ఆగేవాళ్ళు కాదు, గడపకి దణ్ణం పెట్టి మరీ లోపలికొచ్చేవాళ్ళు.

ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఏదో కీ నొక్కింది. అది తప్పని మెషీన్ ఇంగ్లీషులో ఒక ముక్క రాసి కుయ్యిమంది. ఆ పిల్ల చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని ఏడుపు మొహం పెట్టింది.

"టీచర్, అది నన్ను ఇంగ్లీషులో తిట్టింది."

మిగతావాళ్ళు నవ్వితే బాగుండేది. ఒక్కతీ నవ్వలా. అందరూ నిజంగానే తిట్టిందనుకుని తలా ఒక అడుగు వెనక్కేశారు. నాకు కోపం నషాళానికి అంటింది. పిల్లల మీద కాదు, ఆ పెట్టె మీద. మా ఊరొచ్చి, మా కరెంటు తింటూ, మా పిల్లల్ని భయపెడుతుందా ఇది?

"ఒరేయ్ పిల్లలూ, వినండి. దీనిచేత తెలుగు రాయిస్తా. మీ అందరి పేర్లూ తెలుగులో ఈ తెర మీద రాయించకపోతే నా పేరు మార్చుకుంటా," అన్నాను.

అనడం తేలికే. ఆ వారమే హెడ్మిస్ట్రెస్ గారు నన్ను గదిలోకి పిలిచారు. గుంటూరు నుంచి ఆఫీసరు గారు వస్తారట. ఏ స్కూల్లో కంప్యూటర్ ఊరికే గుడ్డ కప్పుకుని కూర్చుందో అక్కడినుంచి తీసేసి, పని చేసేచోటికి పంపిస్తారట. మన పిల్లలు దాన్ని ముట్టుకోడానికే భయపడుతున్నారని ఎవరో చేరవేశారట కూడా.

"మూడు వారాల్లో సోమవారం వస్తారమ్మా. చూపించడానికి నీ దగ్గర ఏదైనా ఉంటే ఉంటుంది, లేకపోతే ఆ రోజే జీపెక్కి వెళ్ళిపోతుంది," అన్నారావిడ.

పిల్లలకి చెప్పకూడదనుకున్నా, నా మొహమే చెప్పేసింది.

ఇంతకీ ఆ పెట్టె తెర మీద రాసే పద్ధతి ఏందో చెప్తాను, చానా తేలిక. మెషీన్ మెమొరీలో తెర కోసం ఒక పలక ఉంటుంది. పలకంతా గళ్ళు. ఏ గడిలో ఒకటి పెడితే తెర మీద ఆ చోట చుక్క వెలుగుతుంది, సున్న పెడితే ఆరిపోతుంది. ఇంగ్లీషు ఎ అన్నా బి అన్నా చుక్కల బొమ్మే. ఆ బొమ్మల్ని పలక మీదికి ఎక్కించే పని మెషీన్ లోపల పుట్టుకతో వచ్చిన ప్రోగ్రాం ఒకటి చూసుకుంటుంది. మనం కీ నొక్కినప్పుడల్లా అదే వెళ్ళి రాసొస్తుంది. లావుపాటి పుస్తకంలో చివరాఖరి పేజీల్లో ఒక కిటుకు దొరికింది: ఆ ప్రోగ్రాం దగ్గరికి వెళ్ళే దారి మధ్యలో మనం కాపు కాయొచ్చు. కీ నొక్కగానే, "నువ్వాగు, ఇది నేను రాస్తా," అని మన బొమ్మని పలక మీద పెట్టొచ్చు.

గ్రాఫు కాగితం తీసుకుని, అక్షరానికి పదహారు గళ్ళ వెడల్పు, పదహారు గళ్ళ ఎత్తు అనుకుని, నేనే గీశా. అఆఇఈలు తెర మీదికొచ్చాయి. పిల్లలు చూశారు. మొదటిసారి ఆ గదిలో నవ్వులు వినపడ్డాయి.

"టీచర్, మీ 'అ' జిలేబీలాగుంది."

"'ఇ' అయితే కాళ్ళు మడిచి పడుకున్న కుక్కే."

నిజమే మరి. నా చేతిరాత పలక మీదే అంతంతమాత్రం, గళ్ళల్లో ఇంకేం బాగుపడుతుంది! ఒత్తుల జోలికి వెళ్తే అసలు అక్షరమే అనిపించడం లేదు. వారం అక్కడే పోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు బాబాయ్. మా వీధిలోనే, నా గదికి మూడిళ్ళ అవతల ఉండేవాడు. ముస్లిములు వాళ్ళు. వరస కలిపి బాబాయ్ అని పిలిచేదాన్ని, ఆయన భార్య నాకు పిన్ని. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో కంపోజిటరు. పెళ్ళి పత్రికలు, కోటప్పకొండ తిరనాళ్ళ కరపత్రాలు, సినిమా నోటీసులు, పేటలో అచ్చయిన ప్రతి ముక్కా ఆయన చేత్తో ఒక్కో సీసపు అక్షరం ఏరి పేర్చిందే. ఈమధ్యే ప్రెస్సు ఓనరు కొత్త ఆఫ్‌సెట్ మెషీన్ తెచ్చి, చేత్తో పేర్చేవాళ్ళని ఇంటికి పంపించేశాడు. బాబాయ్ అప్పట్నుంచీ అరుగు మీద కూర్చుని వచ్చే పోయే మాచర్ల బస్సుల్ని లెక్కపెడుతున్నాడు.

విషయం చెప్పా. శ్రద్ధగా విన్నాడు.

"ఎన్ని అక్షరాలు పడతాయమ్మాయ్ దాంట్లో?"

"నూట ఇరవై బొమ్మలు. ఒత్తులు, గుడులు, కొమ్ములు అన్నీ కలిపే. అంతకుమించి చోటు లేదు బాబాయ్. ఎక్కువ వాడనివి తీసెయ్యాలి."

"అయితే ముందు మ్యాటర్ పట్రా. మ్యాటర్ చూడకుండా కేసు సర్దరు," అన్నాడు. మ్యాటర్ అంటే అచ్చు వెయ్యాల్సిన రాత, కేసు అంటే సీసపు అక్షరాలు విడివిడిగా పెట్టే అరల పెట్టె. నేను పిల్లల హాజరు పట్టీలోంచి పేర్లన్నీ రాసుకొచ్చి ఇచ్చా. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేరూ చదువుతూ కాగితం మీద గీతలు గీసుకున్నాడు. ఏ పిల్ల పేరులోనూ ఒక్క అక్షరం కూడా తక్కువ పడకూడదని ఆయన పట్టు. ఏ పేరులోనూ లేని అక్షరాలు ఒక్కొక్కటే కొట్టేశాడు. అందరికంటే ముందు ఖ కొట్టేశాడు, తర్వాత ఝ, ఠ. పెన్సిలు ఎక్కడా ఆగలా.

మర్నాడు ప్రెస్సుకెళ్ళి, తూకానికి అమ్మేద్దామని ఓనరు మూలన పడేసిన సీసపు అక్షరాల్లోంచి కావలసినవి ఏరి, చేతిరుమాల్లో మూటగట్టుకొచ్చాడు. ఒక్కో అక్షరం ఎడం చేతిలో పట్టుకుని, చూస్తూ, కుడి చేత్తో గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపేవాడు. తెలుగు అక్షరాన్ని ముక్కలుగా విడగొట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఒళ్ళు ఒకచోట, తలకట్టు ఒకచోట, కింద ఒత్తు ఇంకోచోట. ప్రెస్సులో సీసం ముక్కలు అట్లాగే ఉంటాయట. నేను వారం తలబద్దలు కొట్టుకున్న సంగతి ఆయన కేసుల్లో ముప్పై ఏళ్ళుగా సర్ది ఉంది.

మొదటి కాగితం ఇవ్వగానే పరీక్షకి అందులోంచి అక్షరం పక్కన పెట్టే నిండుసున్న ఎక్కించి చూశా. గుండ్రంగా, ముత్యంలా వచ్చింది. ఎగిరి గంతేశా. ఇక చూడాల్సిన పనేముంది? కాగితాలన్నీ ఒక కట్టగా బుధవారం ఇచ్చాడు. రాత్రీ పగలూ అనకుండా వరసకి వరస ఒకట్లూ సున్నలూ లెక్కగట్టి ఎక్కించుకుంటూ పోయా. అంకెలు చూశానే గానీ అక్షరాలు చూడలేదు. అన్నీ క్యాసెట్ మీదికి ఎక్కించా. అప్పట్లో ప్రోగ్రాంలు దాచుకోవడం టేపు రికార్డరు క్యాసెట్లలోనే.

శనివారం మధ్యాహ్నం బాబాయ్‌ని స్కూలుకి తీసుకొచ్చా. పిల్లలు చుట్టూ మూగారు. ఒక పిల్ల పేరు కొట్టా.

అన్నీ అక్షరాలే, ఒక్కటీ చదవడానికి లేదు. క పొట్ట అటు, ర మెలిక ఇటు. ఏదో చూసినట్టే ఉంది, ఏందో తెలియడం లేదు. ఒక పిల్ల తల వంచి చూసి చెప్పింది, "అద్దంలో చూసినట్టుంది టీచర్."

నూట ఇరవైకి నూట ఇరవై తిరగబడ్డాయి. సున్న తప్ప. సున్నకి కుడేంది, ఎడమేంది!

"ఏంది బాబాయ్ ఇది? ఇన్నాళ్ళు ఏం గీశావు? చూసుకోవద్దా?" అని అరిచేశా. పిల్లలందరి ముందూ. సోమవారం జీపు కళ్ళ ముందు కనపడుతోంది నాకు.

ఆయన తెర వంకా, తన చేతి వంకా చూసుకున్నాడు.

"అక్షరం ఇట్టాగే ఉండుద్ది గదమ్మాయ్," అన్నాడు మెల్లగా. "నేను ముప్పై ఏళ్ళు చూసింది ఇట్టాగే. కాగితం మీద పడేది దాని అచ్చు. ఇది కూడా లోపల్నుంచి ఈ అద్దం మీద అచ్చు పడుద్దనుకున్నా."

అప్పుడు తెలిసింది నాకు. సీసపు అక్షరం తిరగేసి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఆయన తప్పు గీయలేదు, చేతిలో ఉన్న దాన్ని ఉన్నట్టు గీశాడు. తెర అంటే కాగితం అనుకున్నాడు. చెప్పాల్సింది నేను. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా ఆయన్ని కూర్చోబెట్టి ఆ తెర ఎట్లా వెలుగుతుందో చెప్పలేదు. కానీ అరిచిన నోరు అప్పటికే అరిచేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? బాబాయ్ అక్షరాలు రుమాల్లో మూటగట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పిల్లల్ని పంపేసి ఒక్కదాన్నే కూర్చున్నా. సిగ్గుతో చచ్చిపోయా. ఆ గళ్ళ కాగితాలు ఒక్కోటి తిరగేసి చూస్తున్నా. ఎంత ముచ్చటగా ఉన్నాయో! కాగితాన్ని కిటికీ వెలుతురుకి అడ్డంపెట్టి వెనకనుంచి చూశా. బంగారం లాంటి అక్షరం. అప్పుడు తట్టింది. కాగితాన్ని తిప్పినట్టు మెషీన్ తిప్పుకోలేదా? ప్రతి వరసనీ ఎడమనుంచి కాకుండా కుడినుంచి చదువుతూ పలక మీద పెట్టమంటే సరిపోదా? పది లైన్లు రాశా. పేరు కొట్టా. తెర మీద పెళ్ళిపత్రికలో పేరులాగా వచ్చి కూర్చుంది. కొంచెం నెమ్మది, అంతే. ఒక్కో అక్షరాన్నీ రాసేటప్పుడు తిప్పుకోవాలి గదా, ఆలోచించి రాసినట్టు ఒక్కోటీ తీరిగ్గా వచ్చేది. ఒకేసారి తిప్పి దాచుకుంటే పోయేదిగా అని ఇప్పుడు నాలుగు ముక్కలొచ్చిన ఎవరైనా అంటారు. అప్పుడు నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే బాబాయ్ ఇంటికెళ్ళా. లోపల చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడకి ఆనించి గడ్డం గీసుకునే అద్దం. అద్దంలో ఒక సీసపు అక్షరాన్ని చూస్తూ, కొత్త కాగితం మీద మళ్ళీ గళ్ళు నింపుతున్నాడు. పక్కన పదకొండు పూర్తయి ఉన్నాయి.

"రాత్రినించీ ఇదే పని," అంది పిన్ని. "అన్నం కూడా తినలా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఆపు బాబాయ్. తప్పు నాది. అక్షరాలు ఇట్లాగే ఉండనీ, తిప్పుకునేదేదో అదే తిప్పుకుంటది. తిప్పించా, చూసొచ్చా."

"దానికి కష్టం కాదా?"

"నీకంటే తక్కువే."

పెన్సిలు కింద పెట్టాడు. "ఏమే, అన్నం పెట్టు. అమ్మాయికి కూడా," అన్నాడు లోపలికి చూసి. అంతటితో నన్ను క్షమించేశాడు.

సోమవారం జీపు వచ్చింది. ఆఫీసరు గారు చెప్పులు విడిచే రూలుకి కొంచెం చిరాకు పడి, అయినా బూట్లు విప్పి లోపలికొచ్చారు. బాబాయ్ గడప అవతలే నిలబడ్డాడు, ఎంత పిలిచినా రాలేదు. మెషీన్ తిట్టిందని ఏడ్చిన పిల్లే కీబోర్డు ముందు కూర్చుంది. కీల మీద తెలుగు అక్షరాల కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. తన పేరు కొట్టింది. ఒక్కో అక్షరం వస్తుంటే పిల్లలంతా గొంతు కలిపి చదివారు. మెషీన్ నెమ్మదిగా రాయడం అక్కడ వరమయింది.

ఆఫీసరు గారు ఒప్పుకునే మనిషి కాదు. "పేరొక్కటే వస్తే బొమ్మ గీసుకున్నట్టు. నేను చెప్పింది కొట్టు చూద్దాం," అని మొదలుపెట్టారు. "ఇక్కడ పత్తి ఎక్కువ. కింది లైన్లో, నీళ్ళు తక్కువ."

పిల్ల కొట్టింది. మొదటి లైను చక్కగా వచ్చింది. రెండో లైను మొదలవగానే పై లైను పాడవడం మొదలైంది. మెషీన్ ప్రతి అక్షరం రాసేముందు దాని చోటు మొత్తం తుడిచి మరీ రాస్తుంది. పై లైనులో కిందికి వేలాడే ఒత్తులు ఆ తుడుపులో పడి తెగిపోతున్నాయి. 'ఇక్కడ' కాస్తా 'ఇకడ' అయింది. 'పత్తి' చూస్తుండగానే 'పతి' అయి కూర్చుంది. ఎప్పుడూ ఒక్క లైను పేర్లే కొట్టి చూశాం గానీ, కింద ఇంకో లైను వస్తే ఏమవుతుందని నేనూ చూడలేదు, ఎవరూ చూడలేదు.

"అక్షరాలు రాలిపోతున్నాయేంటమ్మా?" అన్నారు ఆఫీసరు గారు. పెన్ను తీసి కాగితం మీద ఏదో రాయబోతున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు నా వంక చూడలేకపోయారు.

గడప అవతలనుంచి బాబాయ్ గొంతు వినపడింది.

"లెడ్డు పెట్టలేదమ్మాయ్!"

అందరూ అటు తిరిగారు. ఆయన ఎవర్నీ పట్టించుకోలా, తెరనే చూస్తున్నాడు. "లైనుకీ లైనుకీ మధ్య సీసం బద్ద పెట్టాలి గదా! లేకపోతే ఒత్తులు ఆనవూ? మొదటిరోజు కుర్రకుంకలు చేసే తప్పు అది!"

లైనుకీ లైనుకీ మధ్య జాగా! ఎక్కడో ఒకచోట పదహారు అని రాసుకున్నా, లైను ఎత్తు. కూర్చుని దాన్ని ఇరవై నాలుగు చేశా. ఒక్క అంకె మార్చడానికి రెండుసార్లు తప్పు కొట్టా. "మళ్ళీ కొట్టవే తల్లీ," అన్నా పిల్లతో.

ఇక్కడ పత్తి ఎక్కువ. కింద, కాస్త ఎడంగా, నీళ్ళు తక్కువ. ఒక్క ఒత్తూ రాలలేదు.

ఆఫీసరు గారు ఆ రెండు లైన్లనీ చానాసేపు చూశారు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "ఆయనెవరు?" అన్నారు.

"ఈ అక్షరాలు ఆయనవండీ," అన్నా. "నావి తిప్పుడు లెక్కలే."

ఆఫీసరు గారే లేచి వెళ్ళి బాబాయ్‌ని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. కాగితం మీద రాయబోయిన ముక్క కొట్టేశారు. వెళ్ళేటప్పుడు హెడ్మిస్ట్రెస్ గారితో, "ఇది ఇక్కడే ఉంటుంది లెండి," అని ఒక్క ముక్క చెప్పి జీపెక్కారు. ఖాళీ జీపు.

ఇక పిల్లల గోల చూడాలి! నా పేరు ముందు, నా పేరు ముందు అని తోసుకుంటుంటే వరసలో నిలబెట్టా. పేరు రావడం, అందరూ అరవడం, ఆ పిల్ల తెరని వేలితో తడుముకుని పక్కకి జరగడం. లాంగ్ బెల్లు కొట్టినా ఎవరూ కదలలా. వరస తరిగి తరిగి చివరికొచ్చింది. చివర్న, పిల్లల వెనక, చేతులు కట్టుకుని బాబాయ్ నిలబడి ఉన్నాడు.

ఏడ్చిన పిల్లే ఇంకా కీబోర్డు ముందుంది. "తాతా, నీ పేరేంది?"

చెప్పాడు. ఆ పిల్ల మొదటి అక్షరం కొట్టింది. రెండో అక్షరం కోసం కీలన్నీ వెతికింది. మళ్ళీ వెతికింది.

"టీచర్, ఖ లేదు."

పెన్సిలు ఎక్కడా ఆగకుండా అందరికంటే ముందు ఆయన కొట్టేసిన అక్షరం. పిల్లల్లో ఎవరి పేరుకీ చోటు తక్కువ కాకూడదని తన పేరులో అక్షరమే తీసి పక్కన పెట్టాడు. నాకు చెప్పలేదు. నేను అడగలేదు. నెలల తరబడి ఒకే వీధిలో ఉన్నదాన్ని, ఆయన పేరు ఒక్కసారి తలుచుకున్నా తెలిసేది, నా బుద్ధికి తట్టలేదు.

"చోటు వదిలి మిగతావి కొట్టమ్మా," అన్నాడు బాబాయ్. "ప్రెస్సులో కూడా అంతే. కేసులో అక్షరం లేకపోతే చోటుంచి పేరుస్తాం. దొరికాక పెట్టుకోవచ్చు."

ఆ పిల్ల చోటు వదిలి కొట్టింది. మధ్యలో ఒక అక్షరం చోటు ఖాళీతో ఆయన పేరు తెర మీదికి తీరిగ్గా వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ సోమవారం తర్వాత చెయ్యాల్సిన పని ఒక్కటీ అనుకోలేదు మేము, ఆయనా, నేనూ, పిల్లలూ.

"రేపొచ్చి గీస్తాలే," అన్నాడు.

"చోటు లేదుగా బాబాయ్," అన్నా, ఏడుస్తూనో నవ్వుతూనో.

"ఆ ఇంగ్లీషు తిట్టు ఏదో ఉందిగా, అది తీసెయ్యి," అని చెప్పులు తొడుక్కున్నాడు.